సన్నటి కోణం

రెండు దారాలూ మొక్కల నర్సరీ మీద కలిశాయి. ఆ పక్కనో ఈ పక్కనో కాదు, మ్యాపులో నర్సరీకి గుర్తుగా వేసిన ఆకుపచ్చ గడి నడిమధ్యన, ఎర్ర దారం కింద, నీలం దారం పైన, ఎవరో కావాలని కొలిచి పెట్టినట్టు. చూశాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను, అద్దాల మీద మరక పోతే దారం కూడా జరుగుతుందన్నట్టు. జరగలేదు. అడవిలో నిప్పు ఎక్కడుందో చెప్పడమే ఇన్నేళ్ళుగా నా ఉద్యోగం. చెప్పినప్పుడల్లా అదొక చోటే, పేరున్న చోటే, ఎవరో ఒకరు బతికే చోటే, అయినా ఏనాడూ సూది గుచ్చకుండా ఆగలేదు. ఇప్పుడు గుండుసూది చేతిలోనే ఉండిపోయింది. నర్సరీలో మా పిల్ల పని చేస్తుంది. పొద్దున తల కూడా సరిగ్గా దువ్వుకోకుండా, అన్నం డబ్బా సంచిలో పడేసుకుని, "వస్తానమ్మా" అని గేటు దగ్గర్నించే అరిచి వెళ్ళింది. అక్కడుంది. ఆ గడిలో ఉంది. దారాలు కలిసిన చోట ఉంది.

నోరు మాత్రం ఎవరికీ చెప్పాపెట్టకుండా తన పని తాను చేసేసింది.

"మేస్త్రీ, మొక్కల నర్సరీ. లారీ తియ్యి."

"నర్సరీయా?" వైర్‌లెస్‌లో నీళ్ళ లారీ మేస్త్రి గొంతు. "అక్కా, అక్కడ మన అమ్మాయి..."

"తియ్యమన్నానా లేదా?"

తీశాడు. ఇంజను మోత ఈ గది కిటికీలోంచి ఒకసారి, చేతిలోని సెట్టులోంచి ఒకసారి వినిపించింది, తర్వాత సెట్టులోంచి మాత్రమే, తర్వాత అదీ లేదు. ఇక కూర్చోవడమే. బల్ల దగ్గర మనిషి బల్ల వదలకూడదు, అది ఇక్కడి నియమం, ఆ నియమం రాసిన మహానుభావుడికి నర్సరీలో కూతురు ఉండి ఉండదు. ఫ్యాను తిరుగుతోంది. ఏమీ జరగనట్టు ఎలా తిరుగుతుందసలు, సిగ్గు లేదా దానికి? గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. కిటికీ అవతల ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. "నర్సరీ, నర్సరీ, ఆఫీసు మాట్లాడుతోంది, వినిపిస్తోందా?" అన్నాను. బుస్సుమంది సెట్టు. మళ్ళీ అన్నాను. మళ్ళీ బుస్సుమంది. నర్సరీలో సెట్టు మా పిల్ల బల్ల మీదే ఉంటుంది, పిలిస్తే సగం మాట పూర్తికాక ముందే "ఏంటమ్మా" అంటుంది, ఆఫీసు సెట్టులో అమ్మా గిమ్మా అనకే అని నేను తిడతాను, "సరే ఆఫీసమ్మా" అంటుంది, వింటున్న కొండల మీది కాపలా టవర్లవాళ్ళందరూ నవ్వుతారు. ఏంటమ్మా అనవే. ఒక్కసారి అను, తిట్టను. ఆఫీసమ్మా అన్నా తిట్టను.

పచ్చటి నీడవల కింద వరసలు వరసలుగా నల్లటి సంచుల్లో మొక్కలు ఉంటాయి అక్కడ, మధ్యలో మనిషి పట్టేంత దారి. కిందటిసారి వెళ్ళినప్పుడు ఆ నీడలో నిలబడి ఎంత చల్లగా ఉందే అన్నాను. అది ప్లాస్టిక్ వల. ఇప్పుడు గుర్తొచ్చింది అది ప్లాస్టిక్ అని. అంటుకుంటే కరిగి చుక్కలు చుక్కలుగా కిందికి కారుతుంది, కింద వరసల మధ్య వంగి కలుపు తీసేవాళ్ళ వీపుల మీద, వద్దు, అటు పోకు, వేరే ఏదైనా ఆలోచించు. నీళ్ళు ఉన్నాయి అక్కడ. నీళ్ళ ట్యాంకు కట్టిన ట్రాక్టరు ఉంది, వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోరు, మా పిల్ల అసలే కూర్చోదు, మిరపకాయ అని పేరు పెట్టుకున్నాం దానికి, చిన్నప్పుడు వీధిలో ఎక్కడ గలాటా అయినా ముందు వరసలో నిలబడేది, రెండు కుక్కలు కొట్టుకుంటుంటే మధ్యలో దూరి విడదీసింది ఒకసారి, మోచెయ్యి దగ్గర పంటి గాటు ఇప్పటికీ ఉంది. కాస్త పిరికిదాన్ని కని ఉంటే బాగుండేది. పిరికివాళ్ళు పరిగెత్తుతారు, బతుకుతారు. నా కడుపున ఇలాంటిది ఎలా పుట్టిందో, నాకు మెట్ల మీంచి కిందికి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి.

ఆ ఉద్యోగం వచ్చినప్పుడు నేనే సరే అన్నాను, ఊరికే అనలేదు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఈ మ్యాపు మీద నర్సరీ ఉన్న చోట వేలితో తడిమి చూశాను. నిప్పు పడిన చోటల్లా గుండుసూది గుచ్చుతాం కదా, పాత మ్యాపు, వేలు పెడితే తెలుస్తుంది, కొన్ని చోట్ల జల్లెడ, కొన్ని చోట్ల గరుకు. నర్సరీ చుట్టూ నున్నగా ఉంది. ఒక్క కన్నం లేదు. ఇన్నేళ్ళలో ఒక్క గీతా ఇంకో గీతని అక్కడ కోయలేదు. వెళ్ళవే, మంచి చోటు అన్నాను. మంచి చోటు అని ఎలా అన్నాను, కన్నం పడలేదంటే ఇంకా పడలేదనే కదా, అంతకు మించి ఆ నున్నదనం నాకేం మాట ఇచ్చింది? చిన్న పిల్లలకి కూడా ఇది తెలుస్తుంది. నాకు తెలియలేదు. తల్లిని కదా, నాకు కావలసింది తడిమి చూసుకున్నాను.

రెండు సరళరేఖలు కలిస్తే ఒక్క బిందువు దగ్గరే కలుస్తాయి అని చెప్పింది మా లెక్కల టీచరు, బోర్డు మీద సుద్దముక్క కిర్రుమనిపిస్తూ. ఆ తర్వాతేమవుతాయి టీచర్ అని అడిగాను నేను. ఎవరి దారి వాళ్ళది, ఇక మళ్ళీ జన్మలో కలవవు అంది, క్లాసంతా గొల్లుమంది, ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకో భయమేసింది. మా పిల్ల నాన్న ఆ పాఠం నాకు మళ్ళీ చెప్పి వెళ్ళాడు. ఇద్దరం ఒక చోట కలిశాం, అది మా పిల్ల, తర్వాత ఆయన దారి ఆయనది, ఏటికేడాదీ దూరం పెరగడమే. ఇప్పుడు ఆయనకి ఫోన్ చెయ్యాలా? చేసి ఏమనాలి? దారాలు కలిశాయి అనాలా? ఛీ, ఏ వేళ ఏం ఆలోచిస్తున్నాను. బుర్ర ఉన్న చోట ఉండనంటోంది, పొగలో ఉండలేక పాత బడి గదిలోకి పారిపోతోంది, అక్కడా గీతలే. కలవనివి సమాంతరాలు, కలిసేవి ఖండించుకుంటాయి. ఖండించుకోవడం అని ఆ మాట ఎవరు పెట్టారో, చల్లగా బోర్డు మీద రాసి పోయారు.

లేదు, ఆగు. బల్ల వైపు చూడు, నీకు తెలిసిన పని అదొక్కటే. పడమటి కొండ మీద ఒక టవర్, తూర్పు కొండ మీద ఒక టవర్. పొగ లేస్తే అక్కడి కాపలామనిషి కంపాసు గురిపెట్టి అది ఏ దిక్కున ఉందో డిగ్రీల్లో ఒక అంకె చెబుతాడు. ఎంత దూరమో అతనికి తెలీదు, తెలిసే మార్గం లేదు, ఒక్క చోటి నుంచి చూసేవాడికి దొరికేది ఒక్క గీత, ఆ గీత మీద నిప్పు ఎక్కడైనా ఉండొచ్చు. అవతలివాడి గీత వచ్చి దాన్ని కోస్తేనే చోటు తేలుతుంది. మ్యాపులో రెండు టవర్ల దగ్గరా రెండు మేకులు, మేకులకి దారాలు, దారాల కొసన సీసం గుండ్లు. లాగి పెట్టడం, కలిసిన చోట సూది గుచ్చడం, అందుకే నన్ను దారాలక్క అంటారు. రెండు దారాలు నిలువూ అడ్డంగా కలిస్తే హాయి, కాస్త అటూ ఇటూ అయినా చోటు పెద్దగా మారదు. కానీ పొగ రెండు టవర్లకీ సరిగ్గా నడుమ ఉన్న దారిలో లేచిందనుకో, దారాలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి, వాటి మధ్య కోణం సన్నగా, కత్తెర మూసినట్టు ఉంటుంది. అప్పుడు ఒక దారం గోరంత జరిగితే కలిసిన చోటు కోసులకి కోసులు జారిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదటి రోజు చెప్పేది ఇదే, సన్నటి కోణాన్ని నమ్మకండిరా అని. ఇదిగో, నా ముందున్నది అలాంటి సన్నటి కోణమే. నమ్మకూడదు. అయ్యో, నేను నమ్మి నిలువునా నీరైపోయి కూర్చున్నానే!

మూడో గీత కావాలి. దక్షిణపు టవర్‌ని పిలిచాను. "మబ్బు దిగింది మేడమ్, నా చెయ్యి నాకే కనబడట్లేదు," అన్నాడు. మళ్ళీ చూడు అన్నాను. చూస్తూనే ఉన్నానన్నాడు. కళ్ళు పెట్టి చూడు అని అరిచాను, పాపం అతనేం చేస్తాడు, కళ్ళు పెట్టే చూస్తున్నాడు. ఇక నాకున్నవి ఈ రెండే. ఎర్ర దారం, నీలం దారం. నీలం తూర్పుది, ఆ టవర్‌లో మనిషి గోడ గడియారం లాంటివాడు, ముల్లు చూపింది చూపినట్టు చెబుతాడు, ఆ అంకెకి నేను కంపాసు తేడా కలిపే లాగాను, అది గుర్తుంది. ఎర్రది పడమటిది. పడమటి టవర్‌లో పెద్దాయన. పెద్దాయన అంటే మా అందరికీ పెద్దాయనే, నన్ను అమ్మడూ అంటాడు, పొగ సంగతి చెప్పేముందు తిన్నావా అని అడుగుతాడు. ఇవ్వాళ తిన్నావా అని అడగలేదు. ఎందుకు అడగలేదు? కంటి ఆపరేషనుకి సెలవు పెట్టి నిన్ననే కొండ దిగాడు కదా, అందుకని. ఇవ్వాళ అక్కడున్నది బదిలీ మీద వచ్చిన కొత్తాయన. అంకె చెప్పాడు, ఊరుకున్నాడు.

అంకె రాసుకున్న కాగితం దగ్గరికి లాక్కున్నాను. కంపాసు ముల్లు చూపే ఉత్తరం, మ్యాపులో ఉండే ఉత్తరం ఒకటి కాదు, కొద్ది డిగ్రీలు తేడా. టవర్లవాళ్ళు ముల్లు చూపిన అంకె చెప్పాలి, ఆ తేడా బల్ల దగ్గర నేను కలపాలి. అందరి అంకెలకీ కలుపుతాను, ఒక్క పెద్దాయన అంకెకి తప్ప. ఆయన పట్టుదల ఆయనది, "నేను లెక్కేసే చెబుతాను అమ్మడూ, నువ్వు మళ్ళీ వేలు పెట్టకు" అని నేను చేరిన కొత్తలోనే అన్నాడు, వద్దంటే చిన్నబుచ్చుకున్నాడు, సరే పెద్దాయన ముచ్చట అని ఊరుకున్నాను. అది మా ఇద్దరికే తెలిసిన ఒప్పందం. ఏళ్ళ తరబడి పడమటి అంకె వినగానే నా చెయ్యి ఉన్నదున్నట్టు దారం లాగేస్తుంది. ఇవ్వాళా లాగేసింది.

"పడమటి టవర్, ఇందాక మీరు చెప్పిన అంకె, తేడా కలిపి చెప్పారా?"

"లేదండీ. ముల్లు చూపింది చెప్పాను," అన్నాడు కొత్తాయన. కాస్త నొచ్చుకున్నట్టు, "కలిపేది మీరు కదండీ?" అన్నాడు.

కలిపేది నేనే. ఎర్ర దారం కొసన గుండు ఎత్తాను. కొద్దిగా, చిటికెన వేలి గోరంత జరిపాను. కలిసిన చోటు నీలం దారం వెంట జారింది, పాకింది, ఆకుపచ్చ గడి దాటింది, వాగు దాటింది, నా ఊపిరి దాని వెంటే పోయింది, ఎంత దూరం పోతే అంత మంచిది, పో, ఇంకా పో. వాగు అవతల, క్వారీ ఇళ్ళ మీద ఆగింది. నవ్వొచ్చింది నాకు. పైకే నవ్వాను, ఈ ఖాళీ గదిలో ఒక్కదాన్నే, నోరు నొక్కుకుని, కళ్ళలో నీళ్ళతో. నర్సరీ కాదు. నా పిల్ల కాదు. బంగారు తల్లీ, నువ్వు కాదు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఆ ఇళ్ళని చూశాను. రేకుల ఇళ్ళు, ఒకదానికొకటి ఆనుకుని, వెనక నడుము దాకా ఎండుగడ్డి. రాయి కొట్టేవాళ్ళు ఈ పొద్దప్పుడు గుంటలో ఉంటారు, ఇళ్ళలో ఉండేది పసివాళ్ళూ ముసలివాళ్ళూ. వాళ్ళ దగ్గర వైర్‌లెస్ లేదు. మాకున్న లారీ ఒక్కటే, దాన్ని నేను మా పిల్ల దగ్గరికి పంపాను. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది, మొహం కొయ్యబారినట్టయింది.

"అక్కా, వంతెన ఎక్కుతున్నాం," అన్నాడు మేస్త్రి.

అది వాగు మీదిది కాదు, ఇవతల ఊరి కాలవ మీది వంతెన, దిగాక దారి చీలుతుంది. ఎడమకి నర్సరీ, కుడికి క్వారీ. సెట్టు నా చేతిలోనే ఉంది, బటన్ మీద బొటనవేలు కూడా ఉంది, నొక్కి కుడికి అంటే చాలు. నొక్కలేదు. సన్నటి కోణం, నమ్మకూడదు అని నువ్వే కదా అంటావు, అంది లోపల ఎవరో. కొత్తాయన చెయ్యి కుదురుగా ఉందో లేదో, గాలికి పొగ వాలిందో ఏమో, చోటు మళ్ళీ వెనక్కి జారి నర్సరీ మీదే ఉంటే? ఉంటే నా చేత్తో నేనే లారీని తిప్పేసినదాన్నవుతాను. నర్సరీ సెట్టు ఎందుకు పలకట్లేదు మరి, దానికి జవాబు చెప్పు. ఊరుకుంటే ఏమవుతుంది? ఎవరూ ఏమీ అనరు. రెండు అంకెలొచ్చాయి, దారాలు లాగింది, చోటు చెప్పింది, అంతవరకే అందరికీ తెలుసు. ముందు నా పిల్ల ఉందో లేదో చూడనీ, తర్వాత అక్కడికి పంపుతాను, ఎంతసేపు, వెళ్ళి చూసి రావడమే కదా. ఆ ఇళ్ళలో తల్లులు కూడా ఇలాగే... వద్దు, వాళ్ళ గురించి ఇప్పుడు చెప్పకు నాకు. సెట్టులో గేరు మార్చిన మోత, దాని మీంచి "నర్సరీ దారి పడుతున్నాం" అన్నాడు మేస్త్రి. లారీ వంతెన దిగింది. ఎడమకి తిరిగింది. తిరగనిచ్చాను. నేనే, ఈ చేతులతోనే, తెలిసి తెలిసి. నా లోపల ఇలాంటి మనిషి ఒకతి కూర్చుని ఉందని నాకు ఇవ్వాళే తెలిసింది, అద్దంలో చూసుకుంటే వేరే మొహం కనబడినట్టు బిత్తరపోయాను.

ఎందుకు మాట్లాడానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మంచితనమేమీ కాదు. ఇంకో చెయ్యి, ఆ పాడు అలవాటు చెయ్యి, దారాలు కొత్తగా కలిసిన చోట సూది గుచ్చేసింది. సూది గుచ్చాక ఆ చోటు పేరు చెప్పకుండా ఊరుకోవడం నా నోటికి ఎప్పుడూ రాలేదు, అంతే.

"మేస్త్రీ, క్వారీ ఇళ్ళు. నర్సరీ కాదు. క్వారీ ఇళ్ళు."

"ఏంటక్కా అంటున్నావు! ఇందాక నర్సరీ అన్నావు కదా? ఇక్కడ తిప్పడానికి చోటెక్కడుంది?"

"వెనక్కే రా. రివర్సులోనే రా."

"మరి మన అమ్మాయో?"

"వెనక్కి రా మేస్త్రీ" అన్నాను, ఈసారి బతిమాలినట్టు వచ్చింది గొంతు. వాళ్ళు వెనక్కి వస్తున్నంతసేపూ సెట్టులో తిట్లు, కొమ్మలు విరిగిన చప్పుడు, ఎవరో ఎడమ ఎడమ అని అరవడం. తర్వాత కొండ అడ్డం వచ్చిందేమో, ఏమీ లేదు. నేను చంపేశాను దాన్ని. ఆ మాట ఇలా స్పష్టంగా, పొడిగా, ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు వినిపించింది. సూది తప్పు చోట ఉంటే చంపేశాను. సూది సరైన చోట ఉంటే, ఆ వంతెన దగ్గర ఊరుకున్నందుకు ఎవరినో చంపేశాను. రెండిట్లో ఒకటి ఖాయం, రెండూ నావే. మ్యాపు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను, కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని. చెమట చుక్క ఒకటి వాగు మీద పడింది. "నర్సరీ, నర్సరీ" అన్నాను. "ఆఫీసు" అనడం మర్చిపోయి "అమ్మని" అన్నాను. బుస్సుమంది. ఎంతసేపయిందో తెలీదు, గడియారం వైపు చూడలేదు, చూస్తే అది నా మొహాన ఏదో ఒకటి చెబుతుంది.

"అక్కా!" మేస్త్రి. వెనక అరుపులు, నీళ్ళు చిమ్ముతున్న హోరు. "ఇక్కడే, క్వారీ ఇళ్ళే! వెనక గడ్డంతా అంటుకుంది. ఆర్పుతున్నాం. మనుషులు అందరూ బయటే ఉన్నారు, అందర్నీ ముందే బయటికి తెచ్చేశారు... ఉండుండు, ఇదిగో, ఇస్తున్నా."

ఎవరికి ఇస్తున్నాడు? ఎవరు తెచ్చేశారు?

"అమ్మా! నేనే."

కుర్చీ కోసం చెయ్యి చాచాను, అందలేదు. బల్లకి ఆనుకునే కిందికి జారి నేల మీద కూర్చున్నాను, సెట్టు చెవికి నొక్కుకుని.

"వినబడుతోందా? పొగ మాకు నర్సరీ నుంచే కనబడింది. ట్రాక్టరేసుకుని అందరం ఇటొచ్చేశాం. కంగారులో సెట్టు బల్ల మీదే వదిలేశాలే, తిట్టకు. మా ట్యాంకు ఎప్పుడో అయిపోయింది. చివరింట్లో ఒక ముసలమ్మ ఉండిపోయింది, నీళ్ళు లేవు, లారీ ఇదిగో వస్తుంది అదిగో వస్తుందని చూశాం చూశాం, ఇక తలుపు రేకు చేత్తోనే పీకేశాను. మామ్మ బానే ఉంది. నా చేతులే కాస్త కాలాయి. అరిచేతులు. తోలు లేచింది. నొప్పి లేదమ్మా, నిజంగా, ఏమీ తెలియట్లేదు, అంతే. ఆ రేకు పీకేసరికి లారీ హారన్ వినబడింది, చూడు నా అదృష్టం!"

నవ్వుతోంది. పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి, ఆ మధ్యలోంచి నవ్వుతోంది. అరిచేతులు ఏమీ తెలియట్లేదంటే ఎంత లోతుగా కాలాయో నాకు తెలుసు, ఈ బల్ల దగ్గర కూర్చుని చాలామంది గురించి విన్నాను. వంతెన దిగి ఎడమకి తిరిగిన మోత నా చెవిలో ఇంకా ఉంది.

"అమ్మా, ఒకటి చెప్పు," అంది మా పిల్ల. "నర్సరీకి వెళ్తున్న లారీని మధ్యలోంచి తిప్పించావటగా, మేస్త్రి అన్న చెబుతున్నాడు. నేనిక్కడున్నానని నీకెలా తెలిసింది?"

బటన్ నొక్కాను. నేను నొక్కి ఉంచినంతసేపూ అటు నుంచి ఎవరూ మాట్లాడలేరు. టవర్లవాళ్ళందరూ వింటున్నారు. నొక్కి పట్టుకునే ఉన్నాను.